అలవాటైపోద్దిలేన్నా!

మా ఇంట్లో బీరువా మీద పాత బిస్కెట్ల డబ్బా ఒకటుంది. అందులో నా కళ్ళజోళ్ళు ఆరున్నాయి. ఏడోది ప్రస్తుతం ముక్కు మీద ఉంది. ఏడింట్లో ఒక్కటీ నాకు కుదరలేదు. అయినా ఒక్కదాన్నీ నేను వెనక్కి తీసుకుపోలేదు. ఏ అంగడాయన చేతా మాట పడలేదు, నేనూ ఒక మాట అనలేదు. ఉదయగిరిలో నాకు పెద్దమనిషన్న పేరుందంటే ఊరికే రాలేదు, ఏడు జోళ్ళ ఖరీదు పెట్టి కొనుక్కున్నాను.

ఇంత అనుభవం నాతోనే పోకూడదని ఈ సలహాలు రాస్తున్నాను. నలభై దాటగానే దగ్గరి అక్షరాలు అలుక్కుపోవడాన్ని మన పెద్దలు చత్వారం అన్నారు. నలభైని బట్టే వచ్చింది ఆ పేరు. పేపరును చెయ్యి చాచినంత దూరం పెట్టి చదవడం, తర్వాత ఆ చెయ్యి చాలకపోవడం, ఆ తర్వాత ఆత్మకూరు బస్సెక్కడం, మా వైపు ఇదీ వరస. ఆ బస్సు ఎక్కబోయేవాళ్ళు ఇది చదివి పొండి.

అన్నిటికన్నా ముందు, పరీక్షకు ఎప్పుడు పోవాలో తెలియాలి. బాగా అలిసిపోయినప్పుడు పోవాలి. ఏదో కాగితం పనిమీద తెల్లారే నెల్లూరు పోయి, ఆఫీసుల మెట్లెక్కి దిగి, తిరుగు ప్రయాణంలో ఆత్మకూరు బస్టాండులో దిగి, ఉదయగిరి బస్సుకు ఇంకా ముప్పావుగంట ఉందనగా ‘కంప్యూటర్ కంటి పరీక్ష ఉచితం’ అన్న బోర్డు కనబడుతుంది. అదే ముహూర్తం. షుగరున్నవాళ్ళు నెల్లూరులో నాలుగు మలై కాజాలు కూడా తిని ఉంటే మరీ శ్రేష్ఠం. రక్తంలో చక్కెర ఎగుడుదిగుడుగా ఉంటే కంటిలోని కటకం ఉబ్బి నంబరు మారిపోతుందని, షుగరు కుదుటపడ్డాక కొన్ని వారాలు ఆగి చూపించుకోమని కంటి డాక్టర్లు చెబుతారు. శుక్లం ఆపరేషను అయినవాళ్ళను కూడా నెలా నెలన్నర ఆగమంటారు. ఆగితే బస్సు పోదూ? ఆ పూట కంటికి ఏ నంబరుంటే ఆ నంబరుకే అద్దాలు చేయించుకోండి. చక్కెర దిగాక ఆ అద్దాలు తప్పవుతాయి, నిజమే. మళ్ళీ నాలుగు కాజాలు తింటే సరి.

లోపల ఒక కుర్రాడు యంత్రానికి గడ్డం ఆనించమంటాడు. అందులో పొడవాటి రోడ్డు, దాని చివర ఆకాశంలో రంగుల గాలిబుడగ. అది మసకవుతుంది, తేటపడుతుంది, మళ్ళీ మసకవుతుంది. యంత్రం చెప్పేది అంచనా మాత్రమే. దాన్ని పట్టుకుని ఒక్కో అద్దం మార్చి మార్చి చూసి, మనిషి తేల్చాలి. అందుకని ముక్కు మీద గుండ్రటి ఇనుప చట్రం ఎక్కించి, ‘‘ఇది బాగుందా సార్, ఇది బాగుందా?’’ అని అడుగుతాడు. ఇక్కడే చాలామంది తొందరపడి నిజం చెప్పేస్తారు. మర్యాద తెలిసినవాడు రెండింటికీ ‘‘బాగుంది’’ అంటాడు. నాలుగోసారి కూడా అడిగితే, ఏది చెబితే ఆ కుర్రాడు భోజనానికి పోగలడో అది చెప్పాలి. నా రెండో జోడు అట్టా వచ్చిందే.

ఇంకో జాగ్రత్త. మీరు ఏం పని చేస్తారో అక్కడ చెప్పొద్దు. మా వీధి చివర చెక్క చెంచాలు చేసే భాయ్ ఒకాయన ఈ సలహా తు.చ. తప్పకుండా పాటించాడు. ఉదయగిరి చెక్క సామాను సంగతి మీకు తెలిసిందే. కొండ మీది నర్ది, కలివి కర్ర తెచ్చి చెంచాలు, గరిటెలు, ఫోర్కులు చెక్కుతారు. భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ఆ పనిలో కంటికీ చెక్కకూ మధ్య మూరెడు దూరం ఉంటుంది. పేపరు చదివే దూరం వేరు, ఇది వేరు. ఆ ముక్క చెబితే చూసే మనిషి దానికి తగ్గ నంబరు రాస్తాడు. భాయ్ చెప్పలేదు. గీత లేని ప్రోగ్రెసివ్ అద్దాలు ఇచ్చారు. వాటిలో పైభాగాన దూరం, అడుగున దగ్గర, నడుమ సన్నటి దారిలో మధ్య దూరం కనబడతాయి. ఆ దారికి రెండు పక్కలా మసకే, వంపులే. భాయ్ చెంచా కాడ ఎత్తి చూస్తే వంగి ఉంది. ఆకురాయి పెట్టి సరిచేశాడు. చూస్తే ఇంకోవైపు వంగింది. మళ్ళీ రుద్దాడు. పొద్దు వాలేసరికి డజను చెంచాలు తయారయ్యాయి. అద్దాల్లోంచి చూస్తే తాటిచెట్టంత నిటారు. అద్దాలు తీస్తే కొడవళ్ళు.

‘‘ముప్పై ఏండ్లుగా నా చెయ్యి ఎరిగిన కర్రన్నా ఇది. ఇయ్యాళ ఎట్టా మాట వినకుండా పోయింది?’’ అని నా దగ్గరికొచ్చి కూర్చున్నాడు.

‘‘అలవాటైపోద్దిలే భాయ్’’ అన్నాను. ఆ మాట నా సొంతం కాదు. దాని పుట్టుక ఎక్కడో తర్వాత చెబుతా.

పరీక్ష అయ్యాక ఒక చీటీ రాస్తారు. అందులో కుడి, ఎడమ అని రెండు వరసలుంటాయి. స్ఫియర్, సిలిండర్, యాక్సిస్, యాడ్ అని గళ్ళుంటాయి. కూడికా తీసివేతా గుర్తులుంటాయి, నంబర్లు పావు చొప్పున పెరుగుతాయి. యాక్సిస్ అంటే సిలిండర్ నంబరును ఏ వాటంగా నిలబెట్టాలో చెప్పే కోణం, ఒకటి నుంచి నూటఎనభై దాకా. పీడీ అని ఇంకొకటుంది, రెండు కంటిపాపల నడుమ దూరం. పెద్దవాళ్ళకు 60 మిల్లీమీటర్లకు అటూఇటూ ఉంటుంది. దీన్ని చాలా చీటీల మీద రాయనే రాయరు. అద్దం నడిబొడ్డు పాపకు ఎదురుగా రాకపోతే కళ్ళు రెండూ బొమ్మను ఒకచోటికి లాక్కోలేక తంటాలు పడతాయి, తలనొప్పి పట్టుకుంటుంది. నంబరు నూటికి నూరుపాళ్ళు సరిగ్గా ఉన్నా సరే. ఇంత సమాచారం ఉన్న కాగితం ఇంట్లో ఉంటే ప్రమాదం కాబట్టి దాన్ని అంగట్లోనే వదిలేసి రండి. ఆయన దాన్ని కౌంటరు పక్కన ఇనుప ఊచకు కసుక్కున గుచ్చుతాడు. ఆ ఊచకు మన తాలూకా వాళ్ళ కళ్ళన్నీ గుచ్చి ఉంటాయి. ఫోనులో ఫొటో తీసుకోవడం లాంటి పిల్లచేష్టలు వద్దు.

బిల్లు సంగతికొస్తే, ‘‘బిల్లుతో అయితే ఇంత, లేకుంటే ఇంత’’ అని ఆయనే దారి చూపిస్తాడు. చూపు కోసం పెట్టుకునే కళ్ళజోళ్ళ మీద 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 5 శాతం. నాలుగు వేల జోడుకు రెండొందలు. రెండొందలు మిగిలాయని సంతోషంగా, క్యాలెండరు కాగితం వెనక రాసిచ్చిన ‘అడ్వాన్సు 1000, బాకీ 3000’ అన్న చీటీ జేబులో వేసుకోండి. దాని మీద అంగడి పేరుండదు, ఫ్రేము పేరుండదు, అద్దం రకం ఉండదు. నాది అయితే తేదీ కూడా లేదు. బిల్లు ఇవ్వకపోవడమే అక్రమ వ్యాపార పద్ధతి అని 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టంలో రాసుంది. లోపమున్న సరుకును బిల్లులో చెప్పిన గడువులో, గడువేదీ చెప్పకపోతే 30 రోజుల్లో, వెనక్కి తీసుకుని డబ్బివ్వడానికి నిరాకరించడం కూడా అదే లెక్కలోకి వస్తుందని ఆ పక్కనే ఉంది. ఈ సంగతులు నాకెట్టా తెలుసంటే, తెలిసి కూడా వాడుకోకపోవడంలోనే పెద్దరికం ఉంది.

జోడు తయారైందని ఫోనొస్తుంది. పోండి. పెట్టుకోగానే ఆయన చేత్తో ముఖం చూసుకునే అద్దం పట్టుకుని నిలబడతాడు. అందులో ముఖం చూసుకోండి. ముఖమే చూసుకోవాలి. గోడ మీది అక్షరాల పటం వైపు పోవద్దు, రోడ్డవతల బోర్డు చదవొద్దు, ఒక కన్ను మూసి ఇంకొక కన్నుతో చూడొద్దు, జేబులోంచి పాత బస్సు టికెట్టు తీసి సన్నక్షరాలు పరీక్షించొద్దు. అవన్నీ అనుమానపు బుద్ధులు. ‘‘పదేళ్ళు తగ్గారన్నా’’ అంటాడాయన. డబ్బు ఇచ్చి బయటికి రండి.

నా ఏడో జోడు పెట్టుకుని అంగడి మెట్టు దిగబోయాను. మెట్టు ఉండాల్సిన చోట లేదు. జానెడు పైకి లేచి ఉంది. కాలెత్తి దిగాను, కాలు గాలిలో ఉండిపోయింది. బస్టాండు నేలంతా నా వైపు ఏటవాలుగా వంగి, నేను గిన్నె అడుగున నిలబడినట్టుంది. బస్సు తలుపు పైభాగం సన్నగా, కిందిభాగం వెడల్పుగా, తలకిందులు చేసిన గంపలా ఉంది. కండక్టరు ‘‘పెద్దాయనా, పట్టుకోని ఎక్కు’’ అన్నాడు. నాకు యాభైనాలుగు. ఇంటికొచ్చి గడప దాటడానికి మోకాలు రొమ్ముదాకా ఎత్తాను. మా ఆవిడ చాటలో బియ్యం చెరుగుతా చూసి, ‘‘ఏందయ్యా, కొంగ లెక్కన నడస్తా ఉండావు?’’ అంది. అన్నంలో రాయి కనబడలేదు, రాయి లేనిచోట రాయి కనబడింది. కొళాయి ధార పాము మెలికలు తిరుగుతా పడుతోంది. కుడికన్ను మూస్తే అంతా కుదురుగానే ఉంది. ఎడమ కన్ను మూస్తే మళ్ళీ ఊరు ఊగుతోంది. తేడా కుడివైపునే ఉందని అప్పుడే తేలిపోయింది. అలాంటి సాక్ష్యం చేతికి చిక్కినప్పుడు మనిషికి నిగ్రహం కావాలి. రెండు కళ్ళూ మూసుకుని పడుకున్నాను.

మర్నాడు ఫోను చేస్తే అన్నాడు ఆయన, ‘‘కొత్త పవర్ గదన్నా, అలవాటైపోద్దిలేన్నా.’’

అదీ ఆ మాట పుట్టిల్లు. దాన్ని మించిన మాట కళ్ళద్దాల వ్యాపారంలో లేదు. దాని గొప్పతనమేమిటంటే అది పూర్తి అబద్ధం కాదు. మొదటిసారి ప్రోగ్రెసివ్ పెట్టుకున్నవాళ్ళకూ, సిలిండర్ నంబరు బాగా మారినవాళ్ళకూ వారం పది రోజులు తల తిరిగినట్టుండి, తర్వాత నిజంగానే సర్దుకుంటుంది. రెండు వారాలు చాలంటారు. అయితే కేంద్రం తప్పిన అద్దం, యాక్సిస్ మారిన అద్దం, కుడిది ఎడమకు ఎక్కించిన అద్దం, ఇవి మారకుండా అలాగే ఉంటాయి. సర్దుకునేది మనం. అలవాటు కావాల్సిన జోడుకూ, మార్పించుకోవాల్సిన జోడుకూ మొదటి వారం ఒకే రకం తలనొప్పి వస్తుంది కాబట్టి, ఆ రెంటినీ ఎప్పటికీ విడదీసి చూడకపోవడమే మన విధి. పది రోజులన్నది నెల చెయ్యండి, నెలను ఆరు నెలలు చెయ్యండి. ఉదయగిరి కోటను పట్టడానికి సాక్షాత్తు శ్రీకృష్ణదేవరాయలకే ఏడాదిన్నర ముట్టడి పట్టింది. 1514లో గానీ లొంగలేదు. రాయలవారికి లేని తొందర మనకెందుకు?

ఈలోపు పాత జోడు ఇంట్లో ఉంటే పోల్చి చూడాలనిపిస్తుంది. దాన్ని ఎవరికైనా దానం చేసెయ్యండి. తర్వాత కొవ్వొత్తి వెలిగించండి. కొత్తదాని కాడను మంటకు చూపి కొంచెం వంచితే నేల కుదురుకుంటుందేమో చూడొచ్చు. నా మూడో జోడు అట్టాగే కాలి, వాసనొచ్చింది. అద్దం మీద ఉండే పూత కూడా పొరలు లేచింది. లాభమేమిటంటే, ఆ తర్వాత తప్పెవరిదని అడిగే అవకాశం ఎవరికీ లేకుండా పోయింది. అంగడాయన దాన్ని నా ముక్కు మీద చూసి, ‘‘మీరే గదన్నా కాల్చింది’’ అన్నాడు, ఎంతో ప్రేమగా.

మరీ ఉండలేకపోతే డాక్టరు దగ్గరికి పోండి. ‘‘నా చీటీ కరెక్టే, అద్దాలవాణ్ణి అడగండి’’ అంటారు. అద్దాలవాడి దగ్గరికి పోండి. ‘‘డాక్టరు రాసిందే చేశాం, ఆయన్నే అడగండి’’ అంటాడు. ఇద్దరూ సత్యవంతులే. ఇద్దరి మధ్య తిరుగుతా ఉంటే నడక అయినా అవుతుంది. నేలంతా ఏటవాలుగా కనబడేవాడికి నడక చాలా అవసరం.

చాలా ముఖ్యమైన సలహా ఇంకొకటి కాగితం మీద రాసుకున్నాను. ఈ జోడులో అది చదవడం కుదరడం లేదు. కుదిరినప్పుడు చూద్దాం.

ఇప్పుడు చేయకూడని పనులకు ఉదాహరణగా మా మేనకోడలి గురించి చెప్పాలి. ఆత్మకూరులో లెక్కల టీచరు. బోర్డు మీద రాసేటప్పుడు సరళరేఖ వంగుతోందని, మధ్యాహ్నానికి కణతలు పీకుతున్నాయని కనిపెట్టింది. అందరిలా ఓర్చుకుంటే పోయేదానికి, రెండు రోజులు కొత్తది, రెండు రోజులు పాతది పెట్టి చూసింది. డైరీలో రాసుకుంది. చీటీ ఫొటో ఫోనులో ఉంది. జీఎస్టీ కట్టి తీసుకున్న బిల్లుంది. జోడు తీసుకుని ఇంకో అంగడికి పోయి, ‘‘దీని నంబరెంతో చూసి రాసివ్వు నాయనా’’ అని అడిగింది. లెన్సోమీటర్ అని చిన్న యంత్రం ఉంటుంది. జోడును అందులో బోర్లించి చూస్తే ఏ అద్దంలో ఏ నంబరుందో, ఏ వాటంలో ఉందో ఒక నిమిషంలో తేలిపోతుంది. చీటీలో కుడికంటికి యాక్సిస్ 90 అని ఉంది. అద్దంలో 180 ఉంది. నిలువుగా ఉండాల్సింది అడ్డంగా పడుకుంది. డాక్టరు తప్పా, అంగడి తప్పా అన్న పంచాయితీ అక్కడే ముగిసింది. మేమైతే దాన్ని సంక్రాంతి దాకా నడిపేవాళ్ళం.

అక్కడితో ఆగలేదు. తెల్లకాగితం మీద తేదీ వేసి, కొన్న తేదీ, బిల్లు నంబరు, రాసిన యాక్సిస్, ఉన్న యాక్సిస్ నాలుగు వాక్యాల్లో రాసి, ‘ఏడు రోజుల్లో సరైన అద్దం వెయ్యండి, లేదా డబ్బు వాపసు ఇవ్వండి’ అని కింద రాసింది. రెండు ప్రతులు. ఒకటి ఇచ్చి, రెండోదాని మీద అందినట్టు సంతకం అడిగింది. సంతకం! పెళ్ళిచూపుల్లో కూడా మా వాళ్ళు అడగరు.

అంగడాయన బిల్లు వెనక అచ్చేసిన వాక్యం చూపించాడట. ఒకసారి అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు.

‘‘అది మీరు అచ్చేసుకున్నారు సార్, చట్టం అచ్చెయ్యలేదు’’ అందట ఈమె.

నాకు చెబుతుంటే నేను అడ్డం పడ్డాను. ‘‘అట్టా మొహాన అంటావా మే? రేపు బస్టాండులో ఎదురుపడితే?’’

‘‘ఎదురుపడ్డాం మామా. టీ తాగుతావా టీచరమ్మా అన్నాడు.’’

చూశారా ఘోరం. వారంలో కొత్త అద్దం వేసిచ్చాడు, పైసా తీసుకోలేదు, ఇద్దరికీ మాటలున్నాయి. ఏడు జోళ్ళు నోరెత్తకుండా భరించిన నన్ను చూసి మాత్రం ఏ అంగడాయనా ఏనాడూ టీ అనలేదు.

ఒకటి మాత్రం ఆ పిల్ల ఒప్పుకుంది. ఫ్రేము రంగు నచ్చలేదనో, ఇంట్లోవాళ్ళు బాగాలేదన్నారనో అయితే ఈ గొడవ నిలబడదు. మన నంబరుకు కోసి చేసిన అద్దం ఇంకొకరికి పనికిరాదు గనక, లోపం లేనిదాన్ని తీసుకోమంటే అంగడాయన కాదనొచ్చు. చీటీలో ఉన్నది అద్దంలో లేకపోతే అది లోపం. సరిగ్గా చూడకుండా నంబరే తప్పు రాస్తే అది సేవలో లోపం, అది చూసినవాళ్ళ మీదికి పోతుంది. డబ్బు తీసుకుని చూసే డాక్టర్లూ ఆస్పత్రులూ వినియోగదారుల రక్షణ చట్టం కిందికి వస్తారని సుప్రీంకోర్టు 1995లోనే వి.పి.శాంత కేసులో తేల్చింది. అందుకే నేను ఏది లోపమో, ఏది రంగో, ఏది నంబరో ఎప్పుడూ విడదీయను. అన్నీ కలిపి ఒకేసారి, వీలైతే బస్సు కదిలేటప్పుడు కిటికీలోంచి అరవమంటాను.

అంగడాయన మాట వినకపోయి ఉంటే ఏం చేసేదానివని అడిగాను. 1915కు ఫోను చేస్తానంది. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను, తెలుగులోనే మాట్లాడొచ్చు. దానికీ లొంగకపోతే నెల్లూరులో జిల్లా వినియోగదారుల కమిషన్. దీని గురించి మా రచ్చబండ దగ్గర స్థిరపడిన అభిప్రాయాలున్నాయి. వకీలును పెట్టాలి, వేలకు వేలు ఫీజు, వందసార్లు నెల్లూరు తిరగాలి, మనవడి కాలానికి తీర్పు. ఈ అభిప్రాయాలను గట్టిగా పట్టుకుని ఉండండి, ఎందుకంటే చట్టం వాటికి ఏమాత్రం సహకరించదు. ఐదు లక్షల లోపు వ్యవహారానికి ఫిర్యాదు ఫీజు లేదు. వకీలు తప్పనిసరి కాదు, మన మాట మనమే చెప్పుకోవచ్చు. కొన్నది చెన్నైలో అయినా, హైదరాబాదులో అయినా మనం ఉండే జిల్లాలోనే ఫిర్యాదు వెయ్యొచ్చు. 2025 జనవరి 1న మొదలైన ఈ-జాగృతి ద్వారా ఇంట్లో కూర్చునే వెయ్యొచ్చు. వీడియోలో విచారణ కోరొచ్చు. సరుకును ల్యాబుకు పంపాల్సిన పనిలేని కేసును మూడు నెలల్లో, ఉన్నదాన్ని ఐదు నెలల్లో తేల్చేందుకు ప్రయత్నించాలని చట్టంలోనే ఉంది. అన్నీ ఆ గడువులోనే తేలతాయని నేను చెప్పను, మేనకోడలు కూడా చెప్పలేదు. అద్దం మార్చమనో, డబ్బు వాపసిమ్మనో, పడిన ఇబ్బందికి పరిహారమిమ్మనో కమిషన్ చెప్పగలదు. ఫిర్యాదుకు రెండేళ్ళ గడువుంది. అక్కడ అరుపులకు విలువ లేదు. చీటీ, బిల్లు, ఇంకోచోట చూపించి రాయించుకున్న నంబరు, ఆ జోడు, వీటినే అడుగుతారు. జోడును కొవ్వొత్తికి ఎందుకు చూపించమన్నానో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

సెల్లులో బుక్కు చేసి కొరియరులో తెప్పించుకునేవాళ్ళకు ఒక ముక్క. 2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం వాళ్ళు ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. లోపమున్న సరుకును వెనక్కి తీసుకోం అనడానికి వీల్లేదు. కాబట్టి పెట్టె విప్పేటప్పుడు వీడియో తియ్యకండి, పెట్టెను పొయ్యిలో వేసెయ్యండి. దర్గాల దగ్గర, బస్టాండుల్లో అమ్మే రెడీమేడ్ చత్వారపు జోళ్ళవాళ్ళకు నా సలహా అవసరమే లేదు. రెండు కళ్ళకూ ఒకే నంబరుండే ఆ జోడు, రెండు కళ్ళూ ఒకలా ఉన్నవాడికి పేపరు చదువుకోవడానికి పనికొస్తుంది. నాకు రెండూ ఒకలా లేవు. నా మొదటి జోడు అదే. మన రాష్ట్రంలో 2019 అక్టోబరులో మొదలైన కంటి వెలుగు లాంటి పథకాల్లో ఉచితంగా వచ్చిన జోళ్ళుంటాయి. అవి కుదరకపోతే డబ్బు పెట్టి కొన్నది కాదు గనక ఈ చట్టం దాకా పోలేం, వైద్యసిబ్బందికి చెప్పి మళ్ళీ చూపించుకోవాల్సిందే. చెప్పకుండా డబ్బాలో వేసెయ్యడం మా వీధి ఆచారం.

భాయ్ మాత్రం నా మాట దాటాడు. డజను వంకర చెంచాలు సంచిలో వేసుకుని ఆత్మకూరు పోయి, అంగడి కౌంటరు మీద వరసగా పేర్చాడట. నోరెత్తలేదట. కొలిచి చూస్తే నంబరు సరిగ్గానే ఉంది, ఆ పనికి ఆ రకం అద్దం తగదు, అంతే. పనిదూరానికి ఒకటే నంబరుతో వేరే జోడు చేసుకోమన్నారు. అద్దాలకు సగం ధరే తీసుకున్నారు. ఆ పన్నెండు చెంచాల్లో రెండు అంగడాయన కొనుక్కున్నాడని భాయ్ చెప్పాడు, నేను నమ్మలేదు. గుడ్డికన్నా మెల్ల మేలన్నారు పెద్దలు. వీళ్ళు మెల్ల కూడా వద్దంటే ఎట్టా?

మొన్న మేనకోడలు మా ఇంటికొచ్చింది. నా ముక్కు మీది ఏడో జోడును అడగకుండానే లాక్కుని, తిరిగి పోయేటప్పుడు ఆత్మకూరులో లెన్సోమీటర్ కింద పెట్టించి, నంబరు రాయించి పంపింది. ఇప్పుడు ఆ కాగితం నా దగ్గరుంది. ఈ జోడులో ఏమేం నంబర్లున్నాయో తెలిసింది. నా కళ్ళకు ఏమేం రాశారో తెలియదు. ‘‘మీ చీటీ ఏది?’’ అని అడిగాడట ఆ కుర్రాడు.

ఈ జోడు కొని పదిహేడు నెలలైంది. రెండేళ్ళ గడువుకు ఏడు నెలలుంది. చీటీ ఆ అంగట్లో ఇనుప ఊచకే ఉంది.